ముందు నల్లది

గ్లవుజులు తొడుక్కోరా మురుగేశూ,
ఎడం చేతికి కూడా.
వాసన ముక్కుకి తెలుస్తాది గానీ
గోరు సందుకి తెలీదు.

ఈ కారవానుకి రెండు కడుపులు.
చేతులు కడిగిన నీళ్ళు, మొగం రంగు కడిగిన నీళ్ళు
బూడిద ట్యాంకులోకి.
ఇంగొకటి నల్లది.
దాని సంగతి నేను చెప్పబల్లేదు.

నిన్న వాల్వు తెరిచి పెట్టేసినావే,
ఎప్పటికప్పుడు పోతా ఉంటాదిలే అని,
అది తప్పు.
నీళ్ళు మాత్రం జారుకుంటాయి.
గట్టిది ఆడనే నిలబడి
పుట్ట పెడతాది.
ఆ పుట్టకి పాలు పొయ్యడానికి ఎవురూ రారు,
కట్టె పట్టుకోని నువ్వూ నేనూ తప్ప.
మూసిపెట్టు. ముప్పాతిక నిండనీ.
ఒక్కసారిగా వదిల్తే
దాని బరువే దాన్ని ఈడ్చుకోని పోతాది.

మొన్న రాత్రి తలకోనలో
ఎర్ర లైటు వెలిగినప్పుడు
షూటింగోళ్ళంతా పండుకోబోయినారు.
మేనేజరు గొంతు తగ్గించి
"చెంగల్రాయా, వంక పక్కనే గదా,
చీకట్లో ఎవురు చూస్తారు?" అన్నాడు.
నువ్వు అప్పటికే పైపు మూత ఇప్పతా ఉండావు.
చూసినా.
నీ తప్పు గాదులే, నిద్ర తప్పు.

వంకలో నీళ్ళు చీలమండ లోతు.
కప్పలు ఆగి ఆగి అరస్తా ఉండాయి.
ఆ నీళ్ళు దిగవకి పోతే నెరబైలు.
మనకి సంగటి, పచ్చిపులుసు అమ్మిందే ఆయమ్మ,
స్టీలు బిందె మూతికి గుడ్డ కట్టి
ఆ నీళ్ళే వడగడతా ఉండింది.
ఈ మాట మేనేజరుకి చెప్పలేదు నేను.
"డీజిలుకి ఇస్తారా సార్" అని మాత్రం అడిగినా.
"ఇయ్యం" అన్నాడు.
బండి తీసినా.

భాకరాపేట కనుమలో
నిండు చూలాలిని ఆస్పత్రికి తీసకపోయినట్టు
మలుపు మలుపుకీ మెల్లంగా తిప్పినా.
నువ్వు నిద్రపోలేదు, అదొక్కటి మెచ్చుకుంటా.
తూకివాకం ప్లాంటు గేటు కాడ
వాచ్‌మన్ దుప్పట్లోంచి తలకాయ బయటికి పెట్టి
"కొండకి పొయ్యే దోవ ఇది గాదు సామీ" అన్నాడు.
"మాది కిందికి పొయ్యే మొక్కు" అన్నా.
నవ్వుకుంటా గేటు తీసినాడు.

ఆడ ఏం చేసినామో గుర్తుందా?
పైపు వంకర్లు లేకుండా పరిచినాం,
వాలు చూసుకున్నాం,
రాయి కింద రాయి పెట్టి.
ముందు నల్లది.
అది ఖాళీ అయినాక బూడిదది.
సబ్బునీళ్ళు వెనకాల వస్తే
పైపు తనంతట తానే కడుక్కుంటాది.
తిరగేసి చేస్తే వారమంతా మనం కడగాల.

మోచేతి కాడ గాజు ముక్కలో చూసినావు గదా,
నలుపు, ఆనక మట్టి రంగు,
చివర్న హీరోయినమ్మ బుగ్గల గులాబీ
నురగ మింద తేలతా పోయింది.
నువ్వు టార్చి ఆపకుండా
దాన్నే చూస్తా నిలబడినావు.

ఆపైన పైపు ఎత్తేది.
వాల్వు కొస కాడ మొదలుపెట్టి
ఒక అడుగు, ఒక ఎత్తు,
ఒక అడుగు, ఒక ఎత్తు.
తొందరపడితే నీ మెడలోకే.
నీలం పైపు తాగేనీళ్ళది.
ఈ రెంటినీ ఒకే గూట్లో పెట్టబాక, ఎంత కడిగినా సరే.

తెల్లారేపాటికి తలకోనలో ఉండాం.
బండి యాడికి పోయొచ్చిందని
ఒకరూ అడగలేదు.
నెరబైలామె ముద్ద పెట్టి పులుసు పోస్తే
నువ్వు చెయ్యి ముక్కు కాడ పెట్టుకోని చూసుకున్నావు.
మూడుసార్లు.
ఆమె కూడా చూసింది, ఏమీ అనలేదు,
ఇంగో ముద్ద ఏసింది.

సరే, పొద్దు పోతా ఉంది.
ఈరోజు నేను ముట్టను,
ఈడ నిలబడి బీడీ కాల్చుకుంటా.
వాల్వులు రెండూ నీ ముందర ఉండాయి.
చెప్పు,
ఏది ముందు?